గేర్‌బాక్స్‌లోకి వాగు నీళ్లు పోయాయి, దించకుండా తీసే దారి ఉందా?

మన్యం_చక్రాలు: మారేడుమిల్లి అవతల వాగులో బండి ఆగిపోయింది. పాత థార్, మాన్యువల్. ట్రాక్టర్ వచ్చి లాగేదాకా సీట్ల ఎత్తు నీళ్లలోనే ఉంది. ఇంజన్ ఆయిల్ శుభ్రంగానే ఉంది. గేర్‌బాక్స్ ప్లగ్గు విప్పితే మాత్రం పాలు ఎక్కువైన టీ! ముందు చక్రాలకీ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసూ అంతే. మెకానిక్ గేర్‌బాక్సే మొత్తం కిందికి దించాలంటున్నాడు. వేరే దారుందా? క్లచ్ ప్లేటు సంగతి కూడా చెప్పండి.

దమ్ము_మేస్త్రి: మా కోనసీమలో వరి మళ్లు దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టర్ ఆయిల్ తెల్లబడ్డం మామూలేనండి. రాత్రంతా బండి కదపొద్దు. నీళ్లు అడుక్కి దిగుతాయి. తెల్లారి కింద ప్లగ్గు కొంచెం వదులు చేస్తే ముందు నీళ్లే కారతాయి. తర్వాత కిరసనాయిలు పోసి గేర్లు తిప్పి దించెయ్యండి, లోపలంతా కడిగేస్తుంది.

సింక్రో_డాక్టర్: కడిగేస్తుంది, బేరింగుల మీద ఆయిల్ పొరతో సహా! కిరసనాయిలు ఎంత దించినా మూలల్లో మిగిలి కొత్త ఆయిల్‌ని పలచన చేస్తుంది. పైగా గేర్లు తిరిగి కలిసిపోయిన నీళ్లు ఒక్క రాత్రిలో విడిపోవు. చవక గేర్ ఆయిల్ పోసి, చక్రాలు నాలుగూ స్టాండ్ల మీదకి లేపి కాసేపు తిప్పి, వేడిగా ఉండగానే దించాలి. రంగు తేటపడేదాకా అదే పని. ఒకటి గుర్తుంచుకో: పైన పోసే ప్లగ్గు ఊడుతుందని తేలాకే కింది ప్లగ్గు ముట్టుకో.

దమ్ము_మేస్త్రి: మా నాన్న కాలం నుంచీ కిరసనాయిలే. ఒక్క బేరింగూ పోలేదు.

సింక్రో_డాక్టర్: ట్రాక్టర్ వేగానికి పోదు లెండి. ఎనభైలో తోలే బండి వేరు.

దమ్ము_మేస్త్రి: మీరొచ్చి ఒక్క మడి దమ్ము చేసి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

కరీంనగర్_జీపు: కొట్లాట ఆపుండ్రి అన్నా. అసలు ఇప్పుడు కిరసనాయిలు ఏడ దొరుకుతాంది?

మస్కట్_మెకానిక్: ఒమన్ వాదీల్లో, అంటే అక్కడి వాగుల్లో, మునిగిన ల్యాండ్‌క్రూజర్లు ఎన్ని విప్పానో లెక్కలేదు. నీళ్లు తగిలితే లోపల ఫ్రిక్షన్ ప్లేట్ల జిగురు ఊడుతుంది. టార్క్ కన్వర్టర్లో పాత ఆయిల్ మిగిలిపోతుంది కాబట్టి ఒక్కసారి దించితే చాలదు. రేడియేటర్ కూలర్ కూడా చూడు, అక్కడ లీకైనా ఆయిల్ గులాబీ రంగు పాలలా అవుతుంది.

కరీంనగర్_జీపు: అన్నా, ఆయనది మాన్యువల్. మొదటి ముక్కలనే రాసిండు.

మస్కట్_మెకానిక్: నలుగురికీ పనికొస్తుందని చెప్పా. ఆటోమేటిక్ వాళ్లు ఇక్కడ లేరా?

సింగ్‌నగర్_వాసి: 2024 సెప్టెంబర్లో బుడమేరు వరదకి మా బండి రోజుల తరబడి నీళ్లలోనే. ఇన్సూరెన్స్ వాళ్లు "మీరు స్టార్ట్ చేశారు కాబట్టి ఇవ్వం" అన్నారు. తాళం కూడా ముట్టుకోలేదు మొర్రో అంటే వినరే! గేర్‌బాక్స్ డబ్బు నా జేబులోంచే.

గోదారి_గాలి: పొంగే వాగులోకి దిగడం ఎందుకు, ఇప్పుడీ గోల ఎందుకు? సరదాకి పోయి ఊరివాళ్లతో లాగించుకోవడం ఫ్యాషనైపోయింది.

మన్యం_చక్రాలు: సరదా కాదండి, ఇంటికి వెళ్లే దారే అది. సలహా ఉంటే చెప్పండి, లేకపోతే మానెయ్యండి.

కరీంనగర్_జీపు: అన్నా, ముందు, వెనక ఇరుసుల నడుమ ఉండే గేర్ల డబ్బాలు, అదే డిఫరెన్షియల్స్, చూసినవా? అందరు గేర్‌బాక్స్ చూసి గవి మరుస్తరు. వేడి మీదున్న హౌసింగ్ చల్లటి నీళ్లల్ల దిగితే లోపలి గాలి ముడుచుకుంటది, గాలి ఆడే సన్న రంధ్రం, అదే బ్రీదర్, మునిగి ఉంటే నీళ్లనే గుంజుకుంటది. అన్ని బ్రీదర్లకు రబ్బరు పైపు వేసి బానెట్ కింద పైదాకా ఎక్కియ్యి. ఖర్చు తక్కువ.

మన్యం_చక్రాలు: చూశా. వెనకది తెల్లగా ఉంది, ముందుది బాగుంది. చవక ఆయిల్ పోసి దించుతున్నా, ఇప్పుడు తేటపడుతోంది. క్లచ్?

మస్కట్_మెకానిక్: రోజుల తరబడి ఆపి ఉంచితే ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కి అంటుకుంటుంది. క్లచ్‌ని కప్పే బెల్ హౌసింగ్ అడుగున రంధ్రం బురదతో మూసుకుపోయిందేమో పుల్లతో పొడిచి చూడు.

సింక్రో_డాక్టర్: చివర పోసే ఆయిల్ బండి పుస్తకంలో రాసిందే. జీఎల్-4 రకం గేర్ ఆయిల్ అడిగిన గేర్‌బాక్స్‌లో జీఎల్-5 పోస్తే, కొన్నిటిలో కలిపిన మందు గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగుల్ని తింటుంది. "నంబర్ ఎక్కువ కదా, మంచిది" అని షాపువాడు అంటగడతాడు, తీసుకోకు.

గోదారి_గాలి: దించిన ఆ తెల్ల ఆయిలంతా కాలవలో పోస్తారు, అంతేగా?

దమ్ము_మేస్త్రి: ఎందుకండీ పొయ్యడం? నేను దమ్ముకి వేసే ఇనుప కేజ్‌వీల్స్‌కి పూస్తా, తుప్పు పట్టవు.

సింక్రో_డాక్టర్: నీళ్లున్న ఆయిల్ పూస్తే తుప్పు పట్టదా మేస్త్రిగారూ?

దమ్ము_మేస్త్రి: మళ్లీ మొదలెట్టారా!