కర్నూలు నుంచి తెరచాప పడవ నేర్చుకోవడానికి ఎక్కడికి?

ప్రశ్న: మాది కర్నూలు. తుంగభద్ర గట్టున పెరిగిన మా పాపకు 12 ఏళ్లు. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పోటీ చూసినప్పటి నుంచి అదే ధ్యాస. ఈ వయసులో మొదలుపెట్టొచ్చా? పడవలో ఒక్కతే అంటే నాకు టెన్షన్.

జవాబు: తప్పకుండా అన్నా. 15 ఏళ్ల వరకు పిల్లలకు ఆప్టిమిస్ట్ అనే పడవ ఉంది. పొడవు 2.3 మీటర్లే, ఒక్కరే నడుపుతారు. లైఫ్ జాకెట్ తప్పనిసరి. బోల్తాపడితే నిలబెట్టుకోవడం మొదట్లోనే నేర్పిస్తారు. హైదరాబాద్‌లో నైరుతి గాలి బాగా వీచే జూలైలో పోటీలు జరుగుతాయి.

మరో జవాబు: గాలికి ఎదురుగా నేరుగా పోలేం, అటూ ఇటూ మలుపులు తిప్పుతూ పోవాలి. అది పట్టుబడ్డాకే మావాడు ఇక నీళ్లు వదల్లేదు.

ప్రశ్న అడిగినవారు: ధైర్యమొచ్చిందన్నా. ఆదివారమే హైదరాబాద్ రైలెక్కుతాం.