అడ్డరోడ్డు ఊరి చరిత్ర ఎక్కడ మొదలు: తారు రోడ్డు దగ్గరా, పొలిమేర దగ్గరా?

గట్టుదారి:
అడ్డరోడ్డు మీద వెలిసిన ఊళ్లకు పాత చరిత్ర అంటగట్టొద్దని నా వాదన. ఊరన్నాక గ్రామకంఠం (ఇళ్లకు వదిలిన ఊరి స్థలం), చెరువు, గ్రామదేవత ఉండాలి. అడ్డరోడ్డుకు ఉన్నవి కొట్లు, బస్సు స్టాపు. రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో (భూములు మళ్లీ కొలిచి శిస్తు కట్టినప్పుడు సర్వే నంబర్లవారీగా రాసిన పట్టీలో) పేరైనా ఉండదు. బస్సులొచ్చాకే అవి ఊళ్లయ్యాయి.

పాతనక్షా:
పేరు లేకపోవడానికి కారణం వేరు. రిజిస్టరు నడిచేది రెవెన్యూ గ్రామం (భూమి లెక్కలకు సర్కారు హద్దులు గీసిన గ్రామం) పేరు మీద. పాత బండిదారులు కొన్ని పొలిమేర గట్ల వెంట సాగేవి కాబట్టి, అవి కలిసే చోటు రెండు మూడు గ్రామాల హద్దు మీద పడవచ్చు. అలా పడితే కొట్ల వరస ఒకటి ఈ గ్రామం లెక్కలోకి, ఎదుటి వరస ఆ గ్రామం లెక్కలోకి పోతుంది. జనాభా లెక్కల్లోనూ ఇదే గతి. హనుమాన్ జంక్షన్ చూడండి: చెన్నై–కోల్‌కతా రహదారిని నూజివీడు దారి కలిసే చోటు, రెండు జిల్లాల సరిహద్దు. పేరేమో ఆంజనేయస్వామి గుడిది.

తేల్చుకోవాలంటే ఆ గ్రామాల నక్షాలు (మైలుకు 16 అంగుళాల కొలతతో గీసిన పటాలు) అంచుకు అంచు కలిపి పరవండి. మూడు గ్రామాల హద్దులు కలిసే ట్రైజంక్షన్ రాయి గుర్తు పట్టుకుని, దాని చుట్టూ ఉన్న సర్వే నంబర్లు రిజిస్టరులో ఏ పద్దు కింద ఉన్నాయో చూడండి. రాస్తా పోరంబోకు (దారికి వదిలిన సర్కారు భూమి) ఒక్కటే ఉంటే మీ మాటకు బలం. బావి, తోపు, సత్రం పోరంబోకులు కూడా ఉంటే ఎడ్లకు నీళ్లూ నీడా చూసుకుని బండ్లు ఆగిన చోటది. ఒక జాగ్రత్త: రిజిస్టరులో లేని సర్వే నంబరు ఉపవిభాగం అడంగల్లో (ఏటా రాసే సాగు లెక్కలో) కనబడితే అది తరవాత విడగొట్టినది. దాన్ని తొలి సర్వే ఖాతాలో వేయకండి.

గట్టుదారి:
మరి రిజిస్టరే 1950ల నాటిదైతే? అప్పటికి బస్సులున్నాయి కదా.

మెట్టచేను:
జమిందారీ గ్రామాలకు వచ్చే చిక్కే ఇది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరవాతే వాటిలో చాలావాటికి రైత్వారీ సెటిల్‌మెంటు (రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే ఏర్పాటు) జరిగింది. అక్కడ రిజిస్టరు తేదీని ఊరి వయసుగా తీసుకోవడం శుద్ధ తప్పు. అంతకు ముందుది కావాలంటే సర్వే ఆఫ్ ఇండియా వారి మైలుకు అంగుళం పటాలు తీయండి. అచ్చయిన ఏడాది కాదు, అంచున వేసే సర్వే ఏడాది చూడాలి. రెంటి మధ్య ఏళ్ల తేడా ఉంటుంది. మెకంజీ కైఫీయత్తుల్లో (కాలిన్ మెకంజీ సేకరింపజేసిన ఊళ్ల చరిత్రల్లో) అడ్డరోడ్డు పేరుతో వెతికితే దొరకదు. చుట్టూ ఉన్న అసలు గ్రామాల పేర్లతో వెతకాలి.

గట్టుదారి:
సరే, బండ్లు ఆగాయనుకుందాం. ఆగిన చోటల్లా ఊరవుతుందా? రాత్రికి అక్కడే పడుకునే కుటుంబాలుంటేనే ఊరు. బావి పోరంబోకు ఆ సంగతి చెప్పదు.

పాతనక్షా:
చెప్పదు, నిజమే. దానికి పంచాయతీ ఇంటిపన్ను రిజిస్టర్లు, పాత ఓటర్ల జాబితాలు కావాలి. అవీ రెండు పంచాయతీల్లో చీలి ఉంటాయి, రెండూ తీయాల్సిందే. ఏదైనా రోడ్డు విస్తరణ మొదలవకముందే చేయాలి. తవ్వకంలో ట్రైజంక్షన్ రాయి లేచిపోతే నక్షాను నేలకు సరిపెట్టడానికి దూరంగా ఉన్న వేరే రాళ్ల నుంచి కొలుచుకు రావాలి. ఇప్పుడే దాని అక్షాంశ రేఖాంశాలు రాసి పెట్టుకోండి.