సిరిమాను పండక్కి స్టాల్ పెట్టి ఆర్డునో కిట్లు అమ్మితే మామూలు జనం కొంటారా?

గంటస్తంభం కుర్రోడు:

అన్నలకీ అక్కలకీ నమస్తే. మాది విజయనగరం. ఈసీఈ అయింది, ఉద్యోగం వెతుక్కుంటూ ఇంట్లో ఆర్డునో, ఈఎస్పీ32 (మనం రాసిన ప్రోగ్రామ్ ప్రకారం లైట్లు, మోటర్లు నడిపే చిన్న సర్క్యూట్ బోర్డులు), సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఒక త్రీడీ ప్రింటరు పెట్టుకుని ఏవో ఒకటి చేస్తూ ఉంటాను. ఈ దసరాకి మా మావయ్య వాళ్ళ ఫ్యాన్సీ షాపు ముందు ఒక టేబులు పట్టేంత జాగా ఇస్తానన్నాడు, గంటస్తంభానికి దగ్గర్లోనే, పైడితల్లమ్మ పండగలో తొలేళ్ళ (సిరిమానుకి ముందు రోజు) నించి సిరిమాను అయ్యి మళ్ళా మంగళవారం తెప్పోత్సవం దాకా ఉంచుకోమన్నాడు, అద్దె వద్దు గానీ కరెంటు సంగతి నువ్వే చూసుకో అన్నాడు. నా ప్లాన్ ఏటంటే ఆర్డునో స్టార్టర్ కిట్లు, సెన్సార్లు విడిగా, త్రీడీ ప్రింటు డ్రాగన్లు, కీచైన్లు, వీలైతే చిన్న డ్రోన్లు కూడా తెప్పించి పెడదామని. మా నాన్నేమో "పండక్కొచ్చినోళ్ళు జీళ్ళు కొంటారు గానీ నీ సర్క్యూట్లెవడు కొంటాడ్రా" అంటున్నారు. ఊళ్ళో ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి, జేఎన్టీయూ ఉంది, అసలు కొనేవాళ్ళే ఉండరా? పెట్టుబడి ఇరవై వేలు దాటలేను. ఇలాంటివి స్టాల్లో అమ్మినవాళ్ళు ఎవరైనా ఉంటే ఏవి పోతాయో ఏవి నెత్తిన పడతాయో కొంచెం చెప్పండి ప్లీజ్.

సోల్డరింగ్ మాస్టారు:

తమ్ముడూ, నాది శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో చిన్న స్పేర్ పార్ట్స్ షాపు, రథసప్తమికి అరసవల్లి రోడ్లో టేబులేస్తుంటాను. మీ నాన్న చెప్పింది సగం కరెక్టు. సర్క్యూట్లు కొనరు. కానీ సర్క్యూటు చేసే పని కొంటారు.

టేబుల్ మీద ఆర్డునో బోర్డు పెట్టావనుకో, బేరం ఇలా నడుస్తుంది. "ఇదేటి బాబూ?" "మైక్రోకంట్రోలరండీ." "అంటే ఏటి సేస్తాది?" "మీరేది చెయ్యమంటే అది చేస్తుందండీ." అంతే, పక్కనున్న గాజుల కొట్టు వైపు వెళ్ళిపోతారు. ఏది చెయ్యమంటే అది అన్న మాటకి మనలాంటోళ్ళకి చొంగ కారిపోద్ది, అడిగినావిడకి మటుకు ఏమీ చెప్పనట్టే లెక్క. ఆవిడకి కావాల్సింది ఒక్క పని, అది ఇప్పుడు కళ్ళ ముందు అవ్వాలి.

నా దగ్గర ఏళ్ళ తరబడి పోయేది వాటర్ ట్యాంక్ అలారం. మూడు బీసీ547 ట్రాన్సిస్టర్లు, బజరు, రెండు చిన్న లైట్లు, కొన్ని రెసిస్టర్లు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఏ డిప్లొమా కుర్రోడైనా చేసేదే. టేబుల్ మీద పెద్ద ప్లాస్టిక్ డబ్బా పెడతాను, అందులోకి వైర్లు దిగి ఉంటాయి, పక్కన చెంబు. వచ్చినోళ్ళ పిల్లడికి చెంబు ఇచ్చి పొయ్యమంటాను. సగానికి ఆకుపచ్చ లైటు, ముప్పావుకి పసుపు, నిండగానే కుయ్యిమని అరుస్తుంది. ఆ అరుపుకి అటెళ్ళే పదిమంది తిరిగి చూస్తారు. నేనేం మాట్లాడక్కర్లేదు, వాళ్ళావిడే ఆయన్ని చూసి "మన మోటరు కట్టడం మర్చిపోతారు కదేటి, ఇది పెట్టించండి" అంటుంది. సామాను ఖర్చు వందలోపే, రెండొందల యాభై చెప్తాను, రెండొందలకి ఇస్తాను. బేరం ఆడకుండా ఎవరూ కొనరు కాబట్టి ఆ యాభై ముందే కలుపుకో.

ఒక్క జాగ్రత్త చెప్తాను, ఇది చాలామంది వదిలేస్తారు. నీళ్ళలోకి ఉత్త రాగి తీగలు దించకు. బ్యాటరీ (డీసీ) కరెంటు నీళ్ళలోంచి పోతున్నంతసేపూ ప్లస్ వైపు రాగి కరిగిపోతూ పచ్చగా చిలుమెక్కుతుంది, కొన్నాళ్ళకి తీగే ఉండదు, లైటు వెలగదు, అప్పుడు మనిషి మీ మావయ్య షాపుకొచ్చి కూర్చుంటాడు. చివర్లకి స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు బిగించు. మైక్రోకంట్రోలర్‌తో చేస్తానంటే ఇంకా మంచిది, కొన్ని సెకన్లకోసారి మాత్రమే క్షణం సేపు కరెంటు పంపి చూసి ఆపేయొచ్చు. నీ ఆర్డునో చదువు అక్కడ పనికొస్తుంది, డబ్బా లోపల, ఎవరికీ కనపడకుండా.

డ్రోన్ల జోలికి మాత్రం పోకు. 2022 ఫిబ్రవరి నించి బయట దేశాల రెడీమేడ్ డ్రోన్ల దిగుమతే నిషేధం, హోల్‌సేలోడు ఇచ్చే చవక సరుకు ఎక్కణ్ణించి వచ్చిందో నువ్వు చెప్పలేవు. పైగా రెక్క విరిగిందని సాయంత్రానికి పట్టుకొచ్చేస్తారు.

చీపురుపల్లి చిన్నోడు:

అదే కిట్టు ఆన్‌లైన్లో సగం రేటుకి వస్తాంటే స్టాల్లో కొనే వెర్రోడెవడు బ్రో. ఫోన్ తీసి నీ ఎదురుగానే రేటు చూస్తారు.

సోల్డరింగ్ మాస్టారు:

చిన్నోడా, బోర్డుకైతే నిజమే, నంబరు కొడితే రేటొచ్చేస్తుంది. స్టీలు స్క్రూలు బిగించి, పన్నెండు మీటర్ల వైరు చుట్టి, తెలుగులో కాగితం పెట్టి, "పని చెయ్యకపోతే ఈ షాపుకే తీసుకురండి" అని చెప్పి ఇచ్చినదానికి ఏ నంబరు కొట్టి వెతుకుతారు?

సైన్స్ టీచరమ్మ:

బాబూ, నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. కిట్ల విషయం నేను చెప్తాను విను. ఆర్డునో కిట్టు కొన్న ఇంట్లో మొదట కావాల్సింది కంప్యూటరు. మా పిల్లల ఇళ్ళల్లో ఎక్కువమందికి ఉన్నది నాన్న ఫోను ఒక్కటే, అది కూడా రాత్రికి గానీ చేతికి రాదు. ఒకవేళ అన్నయ్యకి కాలేజీలో ల్యాప్‌టాప్ ఉన్నా, చవక క్లోన్ (నకలు) బోర్డుల్లో సీహెచ్340 అనే చిప్పు ఉంటుంది, దాని డ్రైవరు (కంప్యూటరు ఆ చిప్పుని గుర్తుపట్టే సాఫ్ట్‌వేరు) వేసుకోకపోతే కొన్ని కంప్యూటర్లకి బోర్డు తగిలించినట్టే కనపడదు. నీకది రెండు నిమిషాల పని, తొమ్మిదో తరగతి పిల్లకి ఆ కిట్టు అక్కడితో అటకెక్కుతుంది. డబ్బులు పెట్టిన తండ్రి ఇంకెప్పుడూ అలాంటివి కొనడు. నాకు అదీ బాధ.

అందుకని పిల్లలకి ఇవ్వాలంటే ప్రోగ్రామ్ అక్కర్లేనివి ఇవ్వు. చీకటి పడితే వెలిగే లైటు, చప్పట్లకి వెలిగే లైటు, వర్షం పడితే అరిచేది, ఇలాంటివి. చేత్తో కలుపుకునేలా ఉండాలి, సోల్డరింగ్ (టంకం వేసి అతికించడం) ఉండకూడదు. కాగితం తెలుగులో రాయి, బొమ్మలు వెయ్యి, ఏ వైరు ఏ రంగో రాయి, తప్పు కలిపితే ఏమవుతుందో కూడా రాయి. రాశాక మీ ఇంట్లో ఎలక్ట్రానిక్స్ తెలియని మనిషి చేత ఒకసారి కలిపించు, నువ్వు పక్కన కూర్చుని నోరు మూసుకుని చూడు. ఎక్కడ ఆగిపోతారో అక్కడ ఇంకో బొమ్మ వెయ్యాలి.

ఇంకోటి, అట్టపెట్టె మీద "పిల్లల ఆట బొమ్మ" అని మాత్రం వెయ్యకు. 2021 జనవరి 1 నించి పద్నాలుగేళ్ళలోపు పిల్లల ఆటవస్తువులకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు, కరెంటుతో నడిచేవాటికి విడిగా ప్రమాణమే ఉంది. నీ త్రీడీ ప్రింటు డ్రాగన్లు కూడా చిన్నపిల్లలు ఆడుకోడానికి అని అమ్మితే అందులోకే వస్తాయేమో కనుక్కో. పేరు మార్చి రాసినంత మాత్రాన తప్పించుకున్నట్టు కాదు సుమా, ఎవరికి అమ్ముతున్నావన్నది చూస్తారు.

నీకు నిజంగా గిరాకీ కావాలంటే పండగ ఒక్కటే చూసుకోకు. ఇన్‌స్పైర్ మానక్ అని కేంద్రం పథకం ఉంది, ఎంపికైన విద్యార్థి ఖాతాలో ప్రాజెక్టు కోసం పదివేలు పడతాయి. ఆ డబ్బులు పడ్డప్పుడు సామాను కోసం మేం విశాఖపట్నం పరిగెడతాం. స్టాల్లో నీ ఫోన్ నంబరు ఉన్న కార్డు టీచర్లు కనపడితే ఇవ్వు, అమ్మకం తర్వాత అదే వస్తుంది.

రాజాం టు కేంబ్రిడ్జ్:

మాది రాజాం, ఇప్పుడు ఉద్యోగం కేంబ్రిడ్జ్‌లో. ఈ ఊరి నడిబొడ్డున షాపింగ్ మాల్‌లో 2019 ఫిబ్రవరిలో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు చేసేవాళ్ళు సొంత షాపు తెరిచారు. ఆ బోర్డు 2012లో వచ్చినప్పుడు ఉత్త ఆకుపచ్చ అట్టముక్క, కేసు లేదు, మెమరీ కార్డు విడిగా, తెలిసినోళ్ళు ఎగబడి కొన్నారు. షాపులో మటుకు ఎలా పెట్టారంటే అన్నీ నడుస్తూ ఉంటాయి, ఎవరైనా వచ్చి ముట్టుకుని ఆడుకోవచ్చు, అంటే బట్టలు కొనుక్కోడానికి వచ్చిన మనిషి దారిలో లోపలికి తొంగి చూసేలా. తర్వాత 2020 నవంబర్లో అదే కంప్యూటర్ని కీబోర్డులో పెట్టేసి పై 400 అని దించారు. అంత పేరున్న బోర్డు కంపెనీయే చివరికి టీవీకి తగిలిస్తే పని చేసే వస్తువు తయారు చేసిందంటే మాస్టారు చెప్పింది ఇక్కడా నిజమే అన్నమాట. కానీ వాళ్ళకి నీకు లేనిది ఒకటుంది, షాపు నష్టపోయినా ఆన్‌లైన్లో అమ్ముకోగలరు. నీ ఇరవై వేలు నీవే, అందులో సరుక్కి పదికి మించి పెట్టకు.

గంటస్తంభం కుర్రోడు:

థాంక్యూ మాస్టారూ, టీచర్ గారూ, అందరికీ. కిట్లు, డ్రోన్లు తీసేశాను. ట్యాంక్ అలారం, చీకటి లైటు ఈ రెండే చేస్తాను. ప్రింటరుతో తెలుగులో పేర్ల కీచైన్లు చేద్దామనుకుంటున్నాను, ఇంగ్లిష్‌వి అందరి దగ్గరా ఉన్నాయి, ఒత్తులతో సహా తెలుగులో అయితే అరుదు. ప్రింటర్ని స్టాల్లోనే పెట్టి నడిపితే జనం మూగుతారు కదా, దాని సంగతేటి?

సోల్డరింగ్ మాస్టారు:

మూగుతారు. కొనరు. మూగినోళ్ళు కొనేవాళ్ళకి అడ్డం నిలబడతారు. సిరిమాను రోజు మధ్యాహ్నం నించి మూడు లాంతర్ల వైపు కాలు పెట్టే చోటుండదు, ఆ జనంలో ప్లాస్టిక్ కరిగించే రెండొందల డిగ్రీల నాజిల్ పెట్టుకుని, ఏ గుంటడు వేలు పెడతాడో అని చూసుకుంటూ అమ్మగలవా? నీకున్నది పక్క షాపు నించి లాగిన ఎక్స్‌టెన్షన్ బాక్సు, వోల్టేజీ పడితే ప్రింటు సగంలో పోతుంది. ఇంట్లో ప్రింటవుతుంటే వీడియో తీసి పాత ఫోన్లో పెట్టుకుని తిప్పుతూ ఉండు, చాలు. పేర్లు తొలేళ్ళ రోజు ఆర్డరు తీసుకో, సగం డబ్బు ఫోన్‌పేలో కొట్టించుకో, తెప్పోత్సవానికి ఇస్తానని చెప్పు. పేరు వాళ్ళ చేతే రాయించుకో, ఒత్తు మారితే మళ్ళీ నీ ప్లాస్టిక్కే దండగ. ఎండలో కారులో వదలొద్దని కూడా చెప్పు, నీ ప్రింటు ప్లాస్టిక్కు పీఎల్ఏ అరవై డిగ్రీలకే మెత్తబడి వంగిపోతుంది.

ఇంకా సిరిమాను రోజు టేబుల్ సగానికి తగ్గించుకో, ఆ తోపులాటలో నీళ్ళ డబ్బా ఎలాగూ నిలవదు.

సైన్స్ టీచరమ్మ:

టార్పాలిన్ తప్పకుండా తీసుకెళ్ళు బాబూ. హుద్‌హుద్, తిత్లీ తుఫాన్లు రెండూ అక్టోబరులో వచ్చినవే, మనకి దసరా అంటే వానే. అలారంలో రెండు నాకు పక్కన పెట్టు, తెప్పోత్సవం రోజు వస్తాను.