పనసపొట్టు కూరలో ఆవ చేదెక్కుతోంది, ఏం చేయాలి?

మాది శ్రీకాకుళం. అరకిలో పనసపొట్టు పసుపు, ఉప్పు వేసి పావుగంట ఉడికించి, నీళ్లు గట్టిగా పిండేసి, చింతపండు గుజ్జు, పోపు, పలాస జీడిపప్పుతో కలిపాను. అంతవరకూ రుచి బాగానే ఉంది. తర్వాత 2 చెంచాల ఆవాలు, 3 ఎండుమిరపకాయలు మిక్సీలో మెత్తగా రుబ్బి, స్టవ్ ఆపి కూర చల్లారాకే కలిపాను, అయినా గంటకల్లా నాలుక వెనక పట్టేసేంత చేదు.

బెల్లం వేస్తే తీపీ చేదూ విడివిడిగా తెలుస్తున్నాయి. నిమ్మరసం పిండినా, పచ్చి నువ్వులనూనె కలిపినా తగ్గలేదు. నిన్న ఒక్క చెంచా ఆవాలే చల్లటి నీళ్లతో రుబ్బినా అంతే. మిక్సీ జార్ మాత్రం రెండుసార్లూ వేడెక్కింది, నా అనుమానం దాని మీదే. మా అమ్మ రోట్లో నూరిన ఆవ ముక్కుకు ఘాటుగా తగిలేదే గానీ ఎప్పుడూ చేదు రాలేదు.

ఇంట్లో రోలు లేదు. మిక్సీలోనే చేదు రాకుండా ఆవ ఎలా రుబ్బాలి?