జపాన్ ట్రిప్: ఇజకాయాల్లో (మందూ తిండీ దొరికే జపాన్ పబ్బులు), చిన్న బార్లలో ఏం తాగాలి, ఎలా ఆర్డర్ చెయ్యాలి?

బెజవాడ_బాటసారి:
అందరికీ హాయ్ అండి. నవంబర్‌లో నేనూ మా ఆవిడా జపాన్ వెళ్తున్నాం, టోక్యో, క్యోటో, ఒసాకా. టికెట్లు, హోటళ్ళు అన్నీ అయిపోయాయి. గుళ్ళ గురించి, బుల్లెట్ ట్రైన్ గురించి అందరూ రాశారు గానీ రాత్రి ఏడు దాటాక ఎక్కడికెళ్ళాలో ఎవరూ సరిగ్గా రాయట్లేదు. నాకు విస్కీ ఇష్టం, సాకే (బియ్యంతో చేసే జపాన్ మందు) ఇంతవరకూ టేస్ట్ చెయ్యలేదు. మా ఆవిడ మందు ముట్టదు, పైగా ప్యూర్ వెజ్, కానీ అక్కడి బార్లు చూడాలని నాకంటే తనకే ఎక్కువ సరదా. టోక్యోలో చిన్న చిన్న బార్లుండే గోల్డెన్ గాయ్ అనుకుంటున్నాం, ఫారినర్స్‌ని రానివ్వరని కొందరు, బిల్లు వాచిపోద్దని కొందరు భయపెడుతున్నారు. జపనీస్ ఒక్క ముక్క రాదు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

కవాసాకి_కుర్రోడు:
బ్రో, ముందు డబ్బుల సంగతి చెప్తా, మనోళ్ళు గొడవపడేది అక్కడే. ఇజకాయాలో కూర్చోగానే అడక్కుండానే చిన్న గిన్నెలో ఏదో ఒకటి తెచ్చి పెడతారు, ఉడికించిన ముల్లంగో, ఆలూ సలాడో, చిన్న చేప ముక్కో. దాన్ని ఓతోషి అంటారు, ఒసాకా వైపు త్సుకిదాషి. మన బార్లో ఫ్రీగా ఇచ్చే పల్లీలు లాంటిదనుకుని తినేసి చివర్లో మేం ఆర్డర్ చెయ్యలేదు కదా అని వాదిస్తారు, కానీ మనిషికి 300 నుంచి 500 యెన్ దాకా బిల్లులో పడుద్ది. సీటు ఛార్జీ అనుకుని ఊరుకోండి, టిప్ అనేదే లేదు కాబట్టి అక్కడికక్కడికి సరిపోద్ది.

తిండి తర్వాత, ముందు డ్రింక్ చెప్పాలి. చుట్టుపక్కల అందరూ "తోరియాఎజు నామా" అంటుంటారు, ముందైతే డ్రాఫ్ట్ బీర్ పట్రా, మిగతాది తర్వాత చూద్దాం అని. అందరి గ్లాసులూ వచ్చేదాకా ఎవరూ గుక్క కూడా వెయ్యరు, వచ్చాక కంపాయ్ అని మొదలెడతారు. నోమిహోదాయ్ అని 90 నిమిషాలకో 2 గంటలకో ఎంతైనా తాగొచ్చు అనే ప్యాకేజీ ఉంటది, కానీ చాలా చోట్ల టేబుల్ మీద ఉన్న అందరూ తీసుకోవాలంటారు, మీ ఆవిడ తాగరు కాబట్టి మీకు అది గిట్టుబాటు కాదు.

గోల్డెన్ గాయ్‌లో ఆరు సందుల్లో 200 దాకా బార్లు, ఒక్కోదాంట్లో ఏడెనిమిది మంది కూర్చుంటే ఇంక మోచెయ్యి కదపలేం. తలుపు మీద కవర్ ఛార్జ్ ఇంగ్లీషులో రాసి ఉంటే ధైర్యంగా వెళ్ళండి, 500 నుంచి 1000 యెన్ మామూలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. కొన్ని బార్లు రెగ్యులర్స్‌కి మాత్రమే, అక్కడ కొత్తగా వచ్చిన జపాన్ వాడికి కూడా సీటు దొరకదు, ఫీలవ్వకండి. అసలు భయపడాల్సింది పక్కనే ఉన్న కబుకిచోలో, రోడ్డు మీద వెంటపడి చీప్ డ్రింక్స్ అని పిలిచేవాళ్ళకి. వాళ్ళ వెంట పోవద్దని అక్కడ లౌడ్‌స్పీకర్లో చెప్తూనే ఉంటారు, అయినా పోయి బుక్కయ్యేవాళ్ళు ఉన్నారు.

ఓరుగల్లు_ఆడపడుచు:
అక్క గురించి నేన్ చెప్త. నేను గూడ వెజ్జే, మందు తాగ, మా ఆయనతోని పోయిన. తాగుడు కాదు అన్నా, తిండే అసలు తిప్పలు. చేప కనవడకున్నా చేప ఉంటది, ఎండు చేప ఉడకవెట్టిన దాషి నీళ్ళు సూపుల, సాసుల, కూరల అన్నిట్ల పోస్తరు. హియయక్కో అని చల్లటి టోఫు తెల్లగ మంచిగ కనిపిస్తది, మీద పొరలు పొరలుగ ఎండు చేప తురుము చల్లి ఇస్తరు. "కత్సుఒబుషి నుకి దె" అని ఫోన్ల జపనీస్‌ల రాసుకొని చూపెట్టుర్రి, అది వెయ్యకుండ ఇస్తరు. ఎడమామె (ఉడకవెట్టిన పచ్చి సోయా కాయలు), కీరా, ఫ్రైస్‌తోని పూట గడుస్తది గానీ కడుపు నిండదు, ముందే తినిపోతే నయం.

తాగనోళ్ళకు ఊలాంగ్ టీ ప్రతి ఇజకాయాల ఉంటది, ఐస్ వేసి పెద్ద గ్లాసుల ఇస్తరు, ఎవ్వరు ఏం అనుకోరు. కానీ ఊలాంగ్ చా అనే చెప్పాలె, ఊలాంగ్ హాయ్ అంటే అండ్ల షోచూ అనే మందు కలుపుతరు, రంగు చూస్తే అస్సలు తెల్వది. ఉమెషు జ్యూస్ తీరు తియ్యగ ఉంటది, అదీ మందే. కన్వీనియెన్స్ స్టోర్ల నిమ్మకాయ బొమ్మ ఉన్న డబ్బాలల్ల గూడ 9 శాతం ఆల్కహాల్ ఉన్నయి దొరుకుతయ్, చూసి తీస్కోర్రి. ఇంకో మాట, చిన్న బార్లల్ల ఇప్పటికీ సిగరెట్ పొగ ఉంటది, అక్కకు పడకపోతే గోల్డెన్ గాయ్ కష్టమే.

తీరిక_శాస్త్రి:
గోల్డెన్ గాయ్ మీద అంత మోజు ఎందుకో నాకర్థం కాదు, ఇప్పుడక్కడ సగం టూరిస్టులే. ఒక సాయంత్రం టోక్యోలోనే అసకుసలో కామియా బార్‌కి వెళ్ళండి, 1880లో పెట్టింది, అక్కడ డెంకి బ్రాన్ అని బ్రాందీ కలిపిన పాతకాలపు మందు చిన్న గ్లాసులో ఇస్తారు, దాని పక్కన బీరు పెట్టుకుని తాగే పెద్దాయనలు కనిపిస్తారు. పెద్ద హాలు, ఊపిరాడుతుంది.

సాకేకి క్యోటోలో ఫుషిమి. కేహాన్ రైల్లో చుషోజిమా దిగితే నడిచే దూరంలో గెక్కెయికాన్ మ్యూజియం ఉంది, 1637లో మొదలైన కంపెనీ, టికెట్‌తో పాటే రుచి చూపిస్తారు. లేబుల్ మీద గింజో అంటే బియ్యాన్ని 60 శాతం మిగిలేదాకా పాలిష్ పట్టింది, దైగింజో అంటే 50 శాతమో అంతకన్నా తక్కువో. అంత ఖరీదు పెట్టి దైగింజో కొని వేడి చెయ్యమని అడక్కండి, పండ్ల వాసన మొత్తం పోతుంది, నవంబర్ చలికి మామూలు జున్‌మాయ్ రకం సాకే వేడిగా చెప్పుకోండి, దాని మజా దానిది. కప్పు చిన్నదే కదా అనుకోవద్దు, ఒక గో అంటే 180 మిల్లీ, 15, 16 శాతం ఆల్కహాల్.

విస్కీకైతే క్యోటో, ఒసాకా మధ్యలో యమజాకి డిస్టిలరీ ఉంది, 1923ది. టూర్ కావాలంటే ఇవాళే సైట్ చూడండి, అక్కడికెళ్ళాక దొరకడం కష్టం. బాటిల్ కొనేటప్పుడు లేబుల్ మీద జపనీస్ విస్కీ అని స్పష్టంగా ఉందో లేదో చూసుకోండి, బయట దేశాల సరుకు తెచ్చి అక్కడ నింపి జపనీస్ పేరు పెట్టినవి కూడా షెల్ఫులో పక్కపక్కనే ఉంటాయి. పరిశ్రమ వాళ్ళు పెట్టుకున్న రూల్ ప్రకారం ఆ మాట రాయాలంటే జపాన్‌లోనే డిస్టిల్ చేసి కనీసం 3 ఏళ్ళు పీపాల్లో ఉంచాలి.

బెజవాడ_బాటసారి:
అందరికీ చాలా థాంక్స్ అండి, మా ఆవిడ ఊలాంగ్ హాయ్ సంగతి చదివి ఫోన్లో సేవ్ చేసుకుంది. ఒక్క డౌట్, క్యోటోలో సైకిళ్ళు అద్దెకి తీసుకుని ఫుషిమి వెళ్దామనుకున్నాం, ఓకేనా?

కవాసాకి_కుర్రోడు:
అస్సలు వద్దు బ్రో. 2024 నవంబర్ నుంచి తాగి సైకిల్ తొక్కితే కూడా 3 ఏళ్ళ దాకా జైలో, 5 లక్షల యెన్ దాకా ఫైనో, సైకిల్ ఇచ్చినవాడిక్కూడా శిక్ష ఉంది. రైల్లో పోండి. సైకిల్ వేరే రోజు తీసుకోండి.