ఐదు బోల్టుల పికప్‌కు ఆరు రంధ్రాల అలాయ్ చక్రాలు: అడాప్టర్ పెట్టించవచ్చా?

సెమిలిగుడ_అల్లం: నమస్కారం. మాది కోరాపుట్ జిల్లా. నా పికప్‌కు ఐదు బోల్టులు. సాలూరులో ఇసుజు వీ-క్రాస్ అలాయ్ చక్రాలు నాలుగు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికాయి, కానీ వాటికి ఆరు రంధ్రాలు. రెండింటి బోల్టుల సర్కిలూ (బోల్టుల కేంద్రాల మీదుగా గీసే వృత్తం వ్యాసం) 139.7 మిల్లీమీటర్లేనని అమ్మేవాడు అంటున్నాడు. బండికీ చక్రానికీ మధ్య బిగించే లోహపు బిళ్ల, అంటే అడాప్టర్ పెట్టించాలా, చక్రానికి కొత్త రంధ్రాలు కొట్టించాలా? అల్లం, కూరగాయలు వేసుకుని ఘాటు దిగి విశాఖ వెళ్లే బండి.

రాయగడ_రవాణా: సర్కిలు ఒకటే అయితే ఐదు బోల్టులూ పడతాయి, ఒక రంధ్రం ఖాళీగా ఉంటుంది. అంతే కదా?

గుణుపురం_గ్యారేజీ: పడవండీ. బోల్టులు 72 డిగ్రీలకు ఒకటి, రంధ్రాలు 60 డిగ్రీలకు ఒకటి. ఒక్కటి కలిస్తే మిగతా నాలుగూ తప్పుతాయి. కొత్త రంధ్రాల మాట మరిచిపోండి. పాత రంధ్రం కేంద్రానికీ కొత్తదాని కేంద్రానికీ మధ్య ఒకచోట 15 మిల్లీమీటర్లు కూడా రావు. నట్టు కూర్చునే గుంట అంతకంటే వెడల్పు, రెండూ కలిసిపోతాయి. అడాప్టర్ అయితే చేయవచ్చు. చక్రం కూర్చునే హబ్బు మధ్యనున్న గట్టు మీద అది బిగుతుగా కూర్చోవాలి, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ స్పానర్‌తోనే బిగించాలి, వంద కిలోమీటర్లలోపు మళ్లీ చూసుకోవాలి.

సుంకి_ఘాటు: చేయవచ్చట! అడాప్టర్ ఎంత మందం ఉంటే చక్రం అంత బయటికి జరుగుతుంది, బేరింగు మీద ఒత్తిడి పెరుగుతుంది. పైగా అడాప్టర్‌ను హబ్బుకు పట్టే నట్లు చక్రం వెనక దాగి ఉంటాయి. చక్రం విప్పితే తప్ప వదులైన సంగతి తెలియదు. మా పెదనాన్న కొడుకు వేయించాడు. స్టీరింగు వణుకుతోందని తిరిగి వెళితే షాపువాడు తప్పు రోడ్డు మీదికి తోసేశాడు. చివరికి స్టడ్‌లు (హబ్బు బోల్టులు) తెగాయి. డబ్బు మాత్రం ముందే పుచ్చుకున్నాడు.

గుణుపురం_గ్యారేజీ: ఆ షాపు నాది కాదు. ముందు ఆ 139.7 ఎలా కొలిచాడో అడగండి. ఐదు బోల్టులకు ఎదురెదురు జత ఉండదు, టేపు అడ్డంగా పెట్టి చెబితే తప్పే. పక్కపక్క స్టడ్‌ల కేంద్రాల మధ్య సుమారు 82 మిల్లీమీటర్లు వస్తేనే అది 139.7.

సుంకి_ఘాటు: ఎంత వస్తే ఏమిటి? వేసేది అడాప్టరే అయినప్పుడు రెండు సర్కిళ్లూ ఒకటి కావాలని ఎక్కడ ఉంది?

గుణుపురం_గ్యారేజీ: ఒకటి కానక్కరలేదు, సరిగ్గా తెలియాలి. కొలత తప్పితే అడాప్టరే తప్పుది వస్తుంది. 82 వచ్చిందా లేదా, అది చెప్పండి.

పర్లాకిమిడి_పౌరుడు: కొలతలు సరే. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ చూశారా? తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఆ ఏడాది సవరణతో యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే బీమావాళ్లు పెట్టే పేచీ వేరు.

సెమిలిగుడ_అల్లం: చట్టం తరవాత చూద్దాం సార్. మా అబ్బాయి ఆ చక్రాల మీద మనసు పడ్డాడు. బండి నడిపేది వాడే.

సుంకి_ఘాటు: అదీ సంగతి! గ్యారేజీ గారూ, కొలతలు చెబుతారు, జాగ్రత్తలు చెబుతారు, వద్దు అన్న ఒక్క మాట మీ నోట రాదేం? అడాప్టర్లు మీ దగ్గరే అమ్ముతారనా?

గుణుపురం_గ్యారేజీ: నోరు అదుపులో పెట్టుకోండి. నిరుడు ఒకాయనకు వద్దని చెప్పి పంపించాను. ఇంకెక్కడో రంధ్రాలు కొట్టించుకుని, నా షాపు ముందే హారను మోగించుకుంటూ పోయాడు. ఆయిల్ మార్పించుకోవడానికి కూడా మళ్లీ రాలేదు. నేను కాదంటే ఆగేవాళ్లు ఎవరూ లేరు. ఎలాగూ చేయించుకునేవాడు పని తెలిసిన చేతిలో పడితే నయం కాదా?

సుంకి_ఘాటు: ఆయన ప్రాణం ఆయన ఇష్టమనే అనుకుందాం. నేను బస్సు డ్రైవర్ని. మలుపులో ఆ చక్రం ఊడి వచ్చేది నా మీదికి. నా వెనక కూర్చున్నవాళ్లు మీ కస్టమర్లు కారు, మీ హెచ్చరికలు వాళ్లెవరూ వినలేదు. పని తెలిసినవాడే సరేనంటే ఇక కాదనేది ఎవరు?

గుణుపురం_గ్యారేజీ: కాదంటే నెలాఖరుకు షాపు అద్దె మీరు కడతారా?

రాయగడ_రవాణా: పెద్దలు ఇద్దరూ కాస్త శాంతించండి.

జయపురం_టైర్లు: స్టెపినీ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఐదు రంధ్రాల స్టెపినీ ఆ అడాప్టర్ మీద కూర్చోదు. ఘాటులో పంక్చరైతే ముందు చక్రం, తరవాత అడాప్టర్ విప్పి, అప్పుడు పాత చక్రం ఎక్కించాలి. నట్లు రెండు సైజులైతే రెండు స్పానర్లు. లోడు మీద, వానలో, జాకీ ఎక్కించి ఇంత పని. టైరు ఎత్తు కూడా వేరైతే అది ఇంకో తలనొప్పి.

సెమిలిగుడ_అల్లం: అయితే స్టెపినీ కూడా ఆరు రంధ్రాలదే ఉంటే సరిపోతుందన్నమాట. అమ్మేవాడి దగ్గర నాలుగే ఉన్నాయి. ఐదోది ఎవరి దగ్గరైనా ఉంటే ధర చెప్పండి.