మరుగా, మరగా?

ఏటిగట్టు: అమ్మమ్మ మాటొకటి సగమే గుర్తుంది. "కనుమరుగైతే మనసు మ..." ఆ తర్వాత మరుగా, మరగా? ఆవిడది రాజోలు దగ్గర లంక. అడుగుదామంటే ఇప్పుడు లేదు. ఎందుకు కావాల్సొచ్చిందంటే, ఒకబ్బాయితో ఎనిమిది నెలలు ఫోన్లోనే పరిచయం. ఇంట్లో చెప్పనివన్నీ చెప్పుకున్నాం. మొన్న నరసాపురం రేవులో కలిశాం. పంటు సఖినేటిపల్లి చేరేదాకా ఇద్దరం గోదారినే చూస్తూ నిలబడ్డాం.

పాత పంతులు: మరుగే. కంటికి చాటైతే మనసుకీ చాటు. ఇందులో సందేహమేముంది?

కొబ్బరీనె: అంత తేలిగ్గా తేల్చేస్తే ఎలాగండీ పంతులుగారూ. మరగడమంటే అలవాటుపడి వదల్లేకపోవడం. 'మరగును'లో 'ను' జారిపోయింది, అంతే. ఒక్క ఉకారం తీసేస్తే అర్థం తిరగబడింది చూడండి: కనబడకపోతేనే మనసు అతుక్కుంటుంది. అమెరికాలో వాల్తర్ అనే ఆచార్యుడు 1996లోనే దీనికి 'హైపర్‌పర్సనల్' అని పేరు పెట్టాడు. రాసేవాళ్లు మంచి ముక్కలే ఏరి పంపుతారు, చదివేవాళ్లు ఖాళీలు తమకి నచ్చినట్టు నింపుకుంటారు.

పాత పంతులు: వ్యాకరణం సరే, వాడుక చూడండి. 'రుచి మరిగిన పిల్లి' అంటాం. రుచి చూడకుండా మరిగిన పిల్లి మీకెక్కడైనా తగిలిందా?

తాపేశ్వరం కాజా: ఆయ్, మరగడమంటే కాగడం కూడానండి. మూత పెడితేనే ఎసరు తొందరగా మరుగుతుంది. అమ్మమ్మలు సామెతలు చెప్పేది పొయ్యి దగ్గరే.

పాత పంతులు: ఎసరు పక్కన పెట్టండి. అమెరికా దాకా ఎందుకు, మన పిఠాపురం వైపు కృష్ణశాస్త్రిగారు లేరూ? 1963లో గొంతు పోయాక, ఎదురుగా కూర్చున్నవాళ్లతో కూడా కాగితం మీద రాసే మాట్లాడేవారు. దాన్ని ఆన్‌లైన్ అంటారా, ఆఫ్‌లైన్ అంటారా?

కొబ్బరీనె: ఆయన రాస్తున్నంతసేపూ ఎదుటివాళ్లు ఆయన మొహం చూస్తుంటారు కదండీ. ఫోన్లో కనబడేది 'టైపింగ్' అన్న ముక్కే.

పాత పంతులు: 'కృష్ణపక్షం' మళ్లీ చదవండి, తర్వాత మాట్లాడుకుందాం.

కొబ్బరీనె: మీకంటే రెండుసార్లు ఎక్కువే చదివానండి.

ఏటిగట్టు: పిన్నికి ఫోన్ చేశాను. 'మరుపు' అట! పైగా "ఎవరే ఆ అబ్బాయి?" అంది. ఇరుక్కున్నాను.

పాత పంతులు: మరుపైతే నా మాటే నెగ్గినట్టు. చాటైనదే మరుపుకొస్తుంది.

తాపేశ్వరం కాజా: అదలా ఉంచమ్మా, పంటు దిగాకైనా మాట్లాడుకున్నారా?

ఏటిగట్టు: లేదండి. నేను రాజోలు బస్సెక్కాక మెసేజ్ పెట్టాడు. ఊరొచ్చేదాకా రాసుకుంటూనే ఉన్నాం.

కొబ్బరీనె: చూశారా, మరగే!

పాత పంతులు: బస్సెక్కాక కదా? మరుగే.